ముద్ర పడని పద్దెనిమిది ఓట్లు

కొండ మీద రోడ్డుకు అడ్డంగా ధ్రువపు జింకలు నిలబడిపోయాయి. రెండు మూడు వందలుంటాయి. సెప్టెంబరులో తీరం వదిలి లోపలి మైదానాలకు పోయే మంద అది. దానికి తొందర లేదు. దాన్ని తోలేవాడు మోటారు బండి మీద ఎక్కడో వెనక ఉన్నాడు, వాడికీ తొందర లేదు. నేను వ్యాన్ ఆపేసి, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుని, ఒళ్ళో పుస్తకం తెరిచాను. నా వెనక రెండు కార్లు, వాటి వెనక లోమ్‌విక్ నుంచి వచ్చే బస్సు. టైము పన్నెండూ నలభై.

ఎవరో పిడికిలితో అద్దం మీద బాదారు.

“ఏవయ్యా, చదువుకోడానికా రోడ్డెక్కింది?”

డెబ్బై దాటిన మనిషి. పసుపు వానకోటు, మగవాళ్ళ బూట్లు. చంకలో ఒక అట్ట ఫైలు. బస్సు దిగి ఆ గాలిలో అంత దూరం నడిచి వచ్చినట్టుంది, ముక్కు ఎర్రబడింది.

“ఈ పశువులు దాటాక ముందు కదిలే బండి నీదే. ఆ బస్సు రోడ్డు పక్కన పెట్టిన ప్రతి పాలడబ్బా దగ్గరా ఆగుతుంది. మూడింటికి జిల్లా కచేరీ తలుపు మూస్తారు. నేను ఆ లోపల ఉండాలి.”

“అడుగుతున్నావా, చెబుతున్నావా?”

“చెబుతున్నా. తలుపు తియ్యి.”

తీశాను. ఎక్కి కూర్చున్నాక గుర్తుపట్టాను. రాగ్నా. ఈ వ్యాన్ ఒకప్పుడు సంచార గ్రంథాలయం. ఇరవై రెండేళ్ళు నేను దీన్ని దేశానికి ఉత్తరపు కొసన ఉన్న ఈ ఫిన్‌మార్క్ తీరమంతా తిప్పాను, జిల్లా వాళ్ళు తుక్కు కింద వేలం వేస్తే నేనే కొనుక్కున్నాను. లోమ్‌విక్‌లో ఆగినప్పుడు రాగ్నా వచ్చేది. నేను మెచ్చుకుని ఇచ్చిన ఒక నవలను మరుసటి నెల నా బల్ల మీద పడేసి, “ఇందులో చేపలు కోసే ఆడమనిషి కత్తిని ఎలా పట్టుకుందో చూశావా? అలా పట్టుకుంటే మధ్యాన్నానికి వేలు ఉండదు,” అని వెళ్ళిపోయింది. ఆ పుస్తకం మీద పెద్ద పెద్ద పండితులు రాసిన వ్యాసాలు చదివాను. ఒక్కడు కూడా ఆ కత్తిని చూడలేదు.

“పుస్తకాలాయన కదూ,” అంది ఇప్పుడు నన్ను ఎగాదిగా చూసి. “ముసలాడివైపోయావు.”

ఏదో జవాబు చెప్పబోయేలోగా అటు తలుపు మీద చప్పుడైంది. ఈసారి పిడికిలి కాదు, రెండు వేళ్ళతో మర్యాదగా. పొడుగాటి మనిషి, తెల్ల గడ్డం, చేతిలో మడిచిన కవరు.

“క్షమించాలి. నాకూ మూడింటికే పని.”

హిల్మార్. అదే ఊరు. నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. లోమ్‌విక్‌లో ఆ ఇద్దరి సంగతి తెలియనిది జింకలకే. ఇరవై ఏడేళ్ళుగా ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

వ్యాన్‌లో ముందు ఒకటే బెంచీ. రాగ్నా నా వైపు జరిగింది. అట్ట ఫైలును తనకూ అతనికీ మధ్య నిలువుగా, గోడలాగా పెట్టింది.

“ఆయనతో చెప్పు, మోకాలు అటు జరుపుకోమని.”

“హిల్మార్, మోకాలు...”

“విన్నాను. ఆవిడతో చెప్పు, నా కాళ్ళు ఇంతే పొడుగని. ముప్పై ఏళ్ళ కిందా ఇంతే పొడుగని.”

“విన్నావా అమ్మా?”

“ఏదో ఇంజను చప్పుడు వినిపించింది.”

“ఇంజను ఆపేసి ఉంది కదా.”

“అయితే జింకలు.”

ఆ జింకల మధ్యే, ముందు రాగ్నా కాగితం చదివాను, తర్వాత హిల్మార్ కాగితం చదివాను. రెండూ ఫిర్యాదులే. పార్లమెంటు ఎన్నిక జరిగిన ఏడు రోజుల్లోపు ఇవ్వాలి. ఆ ఏడో రోజు ఇదే, ఈ సోమవారమే.

జరిగింది ఇది. మా దగ్గర ఓటరు తెర వెనక్కి వెళ్ళి, తనకు కావలసిన పార్టీ జాబితా కాగితం తీసి మడిచి, బల్ల దగ్గరికి వస్తాడు. ఒకరు పేరు చూసి పట్టీలో గీత పెడతారు. ఇంకొకరు మడిచిన కాగితం వెనక వైపు ముద్ర కొడతారు. ఆ తర్వాతే పెట్టెలో వేయాలి. ముద్ర లేని కాగితం ఓటు కాదు. లోమ్‌విక్ బడిలో పేరు గీసేది రాగ్నా, ముద్ర కొట్టేది హిల్మార్. పదమూడు ఎన్నికలు ఇద్దరూ అలాగే, ఒక్క మాట లేకుండా నడిపారు. ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు, ఇంత నమ్మకమైన సిబ్బంది ఇంకెక్కడా దొరకరు, వీళ్ళు కుమ్మక్కవ్వాలంటే ముందు పలకరించుకోవాలి కదా అని. పోయిన సోమవారం సాయంత్రం పెట్టె తెరిస్తే పద్దెనిమిది కాగితాల మీద ముద్ర లేదు. తీసి పక్కన వేరే కవర్లో పెట్టారు. తీర జాబితా వాళ్ళు, అంటే మా తీరపు ఊళ్ళ తరఫున నిలబడ్డ చిన్న పార్టీ, జిల్లాలో నాలుగో సీటు పోగొట్టుకున్నది పదకొండు ఓట్లతో.

“ఆ కవర్లోవి ఎవరైనా చదవొచ్చు,” అంది రాగ్నా. పళ్ళు బిగించింది. “పద్దెనిమిదిలో పదహారు తీర జాబితావి. నా కళ్ళతో చూశాను. అందరికీ కనిపిస్తాయి. లెక్కలోకి మాత్రం రావు. ఇదేం చట్టమయ్యా!”

రాగ్నా కాగితంలో, ముద్ర బాధ్యత పూర్తిగా హిల్మార్‌ది అని ఉంది. హిల్మార్ కాగితంలో, పట్టీ దగ్గర కూర్చున్నవాళ్ళు సీనియర్లు, మొత్తం చూసుకోవాల్సింది వాళ్ళే అని ఉంది.

“ఈ రెండూ ఒకే ట్రేలో పడతాయి,” అన్నాను. “అక్కడి గుమాస్తా రెండూ చదివి, ముసలాళ్ళు కొట్టుకుంటున్నారు అని నవ్వి, ఫైల్లో కట్టేస్తాడు. మీ పద్దెనిమిది మందీ అక్కడితో సరి.”

“ఆయన తన కాగితం చింపేస్తే సరిపోతుంది,” అంది రాగ్నా.

“ఆవిడకు చెప్పు...” అన్నాడు హిల్మార్.

“నేనేం చెప్పను. నేను డ్రైవర్ని.”

మంద కదిలింది. చివరి దూడ రోడ్డు మధ్యలో ఆగి మా ముగ్గురినీ కాసేపు చూసి, మిగతావాటి వెనక పరిగెత్తింది. టైము ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు. గంటన్నర దారి.

రేడియో పెట్టాను. రాజధానిలో పెద్ద పార్టీలవాళ్ళు ఎవరితో ఎవరు కలవాలో తేల్చుకోవడానికి హోటల్ గదుల్లో కూర్చున్నారట. రోజూ ఇదే వార్త. ఈ దేశంలో ఏ పార్టీకీ ఒంటరిగా బలం రాదు. ఎన్ని ఓట్లకు అన్ని సీట్లు, అందరికీ కాస్త కాస్త. నూట అరవై తొమ్మిది మందిలో ఒక్కడున్నా ప్రతి బిల్లుకూ వాడి దగ్గరికి వచ్చి కాఫీ తాగి బతిమాలాల్సిందే. అందుకే ఈ పద్ధతి అంటే నాకు ఇష్టం. నేను చదివిన చరిత్రల్లో ఇంతకన్నా ఓపికైన పద్ధతి కనబడలేదు. అందుకే కోపం కూడా. ఆ ఒక్కడు మన తీరం వాడు కాకుండా పోయాడు.

మా జిల్లాకు సీట్లు లెక్కకట్టేటప్పుడు మనుషులతో పాటు నేలను కూడా లెక్కవేస్తారు. ఒక్క చదరపు కిలోమీటరు అంటే దాదాపు ఇద్దరు మనుషుల కిందకి వస్తుంది. రాజధాని పేపర్లవాళ్ళు దాన్ని పట్టుకుని, ఫిన్‌మార్క్‌లో రాళ్ళు కూడా ఓటేస్తాయని ఎకసెక్కాలాడతారు. నేను పుట్టింది అటువైపే, అక్కడివాళ్ళ నవ్వు నాకు తెలుసు. ఆ రాళ్ళ మధ్య నిలబడి చేప కోసి పంపిస్తేనే కదా అక్కడ భోజనాల బల్లల మీదకు వచ్చింది. రాళ్ళకిచ్చిన లెక్క మనుషులకివ్వడానికి మాత్రం వీళ్ళకు ఒక ముద్ర కావాలి.

“నువ్వెందుకు తిట్టుకుంటున్నావు?” అంది రాగ్నా.

“పైకి అన్నానా?”

“పెదాలు కదిలాయి.”

రాగ్నా పుట్టింది రెండో ప్రపంచ యుద్ధం అయిన మరుసటి ఏడు. ఓడి వెనక్కి పోయే శత్రు సైన్యం తీరంలో ఒక్క ఇల్లు మిగల్చకుండా తగలబెట్టి పోయింది, వాళ్ళమ్మ ఆమెను కన్నది పడవను బోర్లించి మట్టి కప్పిన గూట్లో. పదిహేనో ఏట చేపల కార్ఖానాలో చేరింది. ఎముక తీయడంలో ఆమె చేయి ఎంత వేగమో చెప్పడానికి మేస్త్రీలు బయటివాళ్ళను తీసుకొచ్చి చూపించేవాళ్ళు. ఆమెకది చిర్రెత్తేది. ఒకసారి అలా చూడ్డానికి వచ్చిన మంత్రిగారి చేతికి కత్తి ఇచ్చి, “ఇంద, నువ్వు కొయ్యి, నేను చూస్తా,” అందట. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. కత్తి చాచిన చెయ్యి అలాగే ఉంచింది. చివరికి ఆయన కోశాడు, పాడుచేశాడు. ఆ చేపను ఆయన చేతే ఇంటికి పట్టుకెళ్ళేలా చేసింది.

భర్త ఆర్విడ్, హిల్మార్ కలిసి ఒక పడవ నడిపేవాళ్ళు. ఆర్విడ్ గుండె ఆగి పడవలోనే పోయాడు. రెండేళ్ళ తర్వాత హిల్మార్ ఆ పడవను, దానితో పాటే సముద్రంలో చేప పట్టే హక్కును, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంపెనీకి అమ్మేశాడు. రాగ్నా వాటా రాగ్నాకు ఇచ్చాడు, అందులో తేడా ఏమీ లేదు. కానీ ఆ హక్కు వెళ్ళాక మిగతా పడవలవాళ్ళూ ఒక్కొక్కరే అమ్మారు. పెద్ద ఓడలు చేపను తెచ్చి తీరంలోని కార్ఖానాలకు దించి తీరాలని షరతుండేది; ఆ షరతును రాజధానిలో ఒక్కో పేరా సడలించుకుంటూ పోయారు. కార్ఖానా మూతపడింది. నలభై రెండు మంది ఆడవాళ్ళు ఒక శుక్రవారం కత్తులు కడిగి ఇంటికి పోయారు. ఆ శుక్రవారం నుంచే రాగ్నా హిల్మార్‌తో మాట్లాడలేదు. పోలింగు బల్ల దగ్గర తన కుర్చీని అతనికి వీపు వచ్చేలా తిప్పుకుంది. ఆ షరతును మళ్ళీ తెస్తామన్నది ఈసారి తీర జాబితా ఒక్కటే.

ఇదంతా తెలిసినదే. తెలియనిది ఇంకోటి ఉంది.

“ఎలా జరిగిందసలు?” అన్నాను. “పద్దెనిమిది మంది! ఒకటి పోతే పొరపాటు.”

హిల్మార్ కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. “నాలుగింటప్పుడు కునుకు పట్టింది. ముందు రాత్రి నడుం నొప్పితో నిద్రలేదు. అప్పుడే చర్చి పాటల బృందంవాళ్ళు సాధన ముగించుకుని అందరూ ఒకేసారి వచ్చారు.”

“మూడో మనిషి ఉండాలి కదా మీ బల్ల దగ్గర?”

“వంటగదిలో. వచ్చినవాళ్ళకు పెట్టే తీపి అట్లు, వాఫిళ్ళు, వేస్తోంది.”

“వచ్చినవాళ్ళలో ఒక్కడైనా లేపలేదా?”

“లేపుతారా?” అంది రాగ్నా. గొంతు లేచింది. “పాపం నిద్రపోతున్నాడు, లేపితే ఏం బాగుంటుంది అని వరసగా మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి పెట్టెలో వేశారట! తర్వాత ఒక్కొక్కరినీ ఇంటికెళ్ళి అడిగాను. ముద్ర పడలేదని తెలీదా అంటే, తెలుసు, ఆయన లేచాక చూసుకుంటాడేమో అనుకున్నాం అంటారు. పెట్టెలో వేసిన కాగితాన్ని లేచాక చూసుకుంటాడా! ఏం మర్యాదయ్యా ఇది? కొంప తగలబడుతుంటే కూడా చెప్పులు విప్పి లోపలికొస్తారు వీళ్ళు!”

నాకూ ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను ఈ మర్యాదని. బస్సులో పక్కన ఖాళీ ఉంటే కూర్చోరు, ఎవరినో ఇబ్బంది పెడతామని. మందులషాపులో మొత్తం వరసను ఆపేసేవాడినీ ఒక్క మాటనరు. ఇప్పుడు అదే మర్యాదతో ఒక సీటును పెట్టెలోకి జారవిడిచారు.

మలుపులో వేగం తగ్గించాను. అప్పుడు తట్టింది.

“బృందంలో ఎంతమంది?”

“పదిహేడు,” అన్నాడు హిల్మార్.

“మరి పద్దెనిమిదోది?”

రేడియోలో ఎవరో సంకీర్ణం అన్నారు. రాగ్నా చెయ్యి చాచి దాన్ని కట్టేసింది.

“నాది.”

“నీ ఓటా?”

“అవును, నాదే. వాళ్ళందరూ పోయాక లేచి వెళ్ళి వేశాను.”

“అంటే నువ్వు అక్కడికి వెళ్ళావు. పెట్టె దగ్గరికి. ఇతని ఎదురుగా.”

“బండి నడుపు.”

“ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చున్నదానివి. నీ చేతిలో ముద్ర లేని కాగితం ఉందని నీకు తెలుసు. ఇతను నిద్రపోతున్నాడని కూడా...”

“చూశాను!” అరిచింది. “చూశానయ్యా! నోరు తెరుచుకుని పడి ఉన్నాడు, ముద్ర వాడి అరచేతి కింద ఉంది. తీసుకోవాలంటే వాడి చెయ్యి పట్టుకోవాలి. లేపాలంటే వాడి పేరు పలకాలి. కాగితం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. అంతకుముందు అరగంట నుంచి నా వీపు వెనక ముద్ర చప్పుడు లేదు, అదీ విన్నాను. వినీ తల తిప్పలేదు. తిప్పితే వాడి మొహం చూడాలి. పెట్టెలో వేసి వచ్చి కూర్చున్నాను. చాలా?”

బండి రోడ్డు పక్కకు తీసి ఆపాను. కింద సముద్రపు చీలిక బూడిదరంగులో ఉంది. టైము రెండుంబావు.

హిల్మార్ నా వైపు తిరిగాడు. రాగ్నా తల మీదుగా నాతోనే మాట్లాడాడు.

“ఆవిడతో చెప్పు. పదిహేడు మందప్పుడు నేను నిద్రపోయిన మాట నిజం. ఆవిడ వచ్చినప్పుడు మెలకువ వచ్చింది. ఆ బూట్ల నడక నాకు తెలుసు, అవి ఆర్విడ్‌వి. కళ్ళు తెరవలేదు. పిలుస్తుందేమో చూద్దామనుకున్నా.”

ఆమె మెల్లగా అతని వైపు తల తిప్పింది.

“హిల్మార్,” అంది రాగ్నా. చిన్నగానే అంది. అట్ట ఫైలు కిందకు జారింది. “హిల్మార్, ఒరేయ్, ఎండు చేప మొహమా! పిలుస్తుందేమో చూద్దామనుకున్నావా? నిన్నా! దేనికి పిలవాలిరా నిన్ను? నా మొగుడి పడవ అమ్ముకున్నందుకా? నలభై రెండు మంది కత్తులు కడిగిపెట్టుకున్నందుకా? ఆ రోజు కార్ఖానా గేటు దగ్గర నిలబడి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, రాగ్నా ఇలా చేశానే, వేరే దారి లేకపోయిందే, అని చెప్పి ఉంటే నిన్ను తిట్టి, ఉమ్మేసి, మర్నాడు మామూలుగా ఉండేదాన్ని కదరా! నా వాటా డబ్బు మడిచిన కవర్లో పెట్టి గుమ్మంలో పడేసి పోయావు. బల్ల దగ్గరేమో కళ్ళు మూసుకుని దొంగవేషం! ఊరంతా ఒక్క సీటు కోసం చస్తుంటే నువ్వు నా చేత పేరు పిలిపించుకోడానికి కూర్చున్నావా! సిగ్గుందా నీకు?”

“నడుం నొప్పి...”

“నీ నడుం విరగ! నాకు మాత్రం ఉందా సిగ్గు? నేనూ గుడ్లు తెరుచుకుని నిలబడ్డాను కదా! నీ మొహం చూడాల్సి వస్తుందని పదిహేడు మందినీ ముంచాను కదా! నా ఓటు నేనే చంపుకున్నాను కదా!” తన తొడ మీద తనే గుద్దుకుంది, రెండుసార్లు. “ఇద్దరం కలిసి, ఒక్క మాట లేకుండా, ఎంత చక్కగా కుమ్మక్కయ్యామురా!”

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వినకూడనిది వినేటప్పుడు ఇక్కడివాళ్ళు చేసేది అదే, నాకూ అంటుకుంది.

రాగ్నా తన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. హిల్మార్ చేతిలోంచి కవరు లాక్కుని దాన్నీ చింపింది. “కాగితం ఇవ్వు,” అంది నాతో. ఇచ్చాను. మోకాలి మీద ఫైలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

“ఒక్క సంగతి,” అన్నాను. “తెలుసుగా. కచేరీకి ఇచ్చిన ప్రతి కాగితం ఎవరైనా అడిగి చదవొచ్చు. రేపు పొద్దున్నే పేపరు వాడు తీసుకుంటాడు. చూశాను, లేపలేదు అని నువ్వు రాసింది ఊరంతా చదువుతుంది. పాటల బృందం చదువుతుంది.”

“నాకు చట్టం చెప్పకు.”

“ఇంకెప్పుడూ ఆ బల్ల దగ్గర నిన్ను కూర్చోనివ్వరు.”

కలం ఆగింది. ఆ బల్లే ఆమెకు మిగిలింది. కార్ఖానా లేదు, ఆర్విడ్ లేడు, రెండేళ్ళకోసారి ఊరంతా వరసగా వచ్చి ఆమె ముందు నిలబడి పేరు చెప్పేది. వాళ్ళ పేర్లు ఆమెకు తెలుసు, అయినా చెప్పించుకునేది. చెప్పకపోతే గీత పెట్టేది కాదు.

“సగం రాస్తే?” అన్నాడు హిల్మార్ మెల్లగా. “నేను నిద్రపోయాను అని రాద్దాం. అది చాలు. నువ్వు చూసిన సంగతి ఎందుకు?”

“నా ఓటు కూడా ఆ కవర్లో ఉందిరా మొద్దూ. ఈ పుస్తకాలాయన గంటలో పట్టుకున్నాడు. వాళ్ళు పట్టుకోరా? ఒక్క అబద్ధం దొరికితే పదిహేడు నిజాలనూ పక్కన పడేస్తారు.” మళ్ళీ రాసింది. పేజీన్నర అయింది. కలం అతనికి విసిరింది. “నీది నువ్వు రాయి. మెలకువ వచ్చిన సంగతి కూడా రాయి. లేకపోతే నేను రాస్తా, నా భాషలో.”

అతను రాశాడు. మూడే వాక్యాలు. రెండున్నరకు బండి తీశాను. ఆ తర్వాత పట్నం దాకా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడగలిగీ మాట్లాడకుండా కూర్చోవడం ఆ వ్యాన్‌కు కొత్త.

జిల్లా కచేరీకి మూడింటికి ఐదు నిమిషాలుండగా చేరాం. కౌంటరు దగ్గర కుర్ర గుమాస్తా అప్పటికే కోటు వేసుకున్నాడు. రాగ్నాను చూసి విప్పాడు. మొత్తం నిలబడే చదివాడు. మధ్యలో ఒకసారి తలెత్తి ఇద్దరినీ చూసి మళ్ళీ చదివాడు. నవ్వలేదు, అది అతని మంచితనం.

“అమ్మా, ముద్ర లేని కాగితాలను లెక్కలోకి తీసుకోవడం మాత్రం ఎవరి వల్లా కాదు. చట్టం చాలా స్పష్టం.”

“అది నాకు తెలుసు బాబూ. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే అందరికీ చెబుతున్నాను. మళ్ళీ ఓటింగ్ అడుగుతున్నా. లోమ్‌విక్ ఒక్క ఊళ్ళో. పద్దెనిమిది పదకొండు కన్నా పెద్ద అంకె.”

“తప్పు సిబ్బందిదే కాబట్టి, ఫలితం మారేదే కాబట్టి, అడగడంలో అర్థం ఉంది. మేం పైకి పంపిస్తాం.”

“పైన ఎవరు తేలుస్తారు?”

అతను చొక్కా కాలరు సవరించుకున్నాడు. “కొత్త పార్లమెంటు. తమ ఎన్నిక చెల్లిందా లేదా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు.”

“ఎవరు? గెలిచినవాళ్ళా?”

“అవునమ్మా.”

“మా సీట్లో కూర్చున్నవాడు కూడా ఉంటాడా ఆ గదిలో?”

“అది... నాకు తెలియదు. ఉండొచ్చు.”

రాగ్నా కౌంటరు మీద రెండు చేతులూ పెట్టింది. ఎముకలు తీసీ తీసీ వంకరపోయిన వేళ్ళు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నాకైతే అరవాలనిపించింది. ఎన్ని దేశాల రాజ్యాంగాలు చదివానో, ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒక పేరా ఇలా ఉంటుంది, కుర్చీలో ఉన్నవాడినే అడుగుతుంది నువ్వు లేవాలా అని.

“రాసిచ్చినట్టు రసీదు ఇవ్వు,” అంది.

అతను ఇచ్చాడు. ఆమె దాన్ని చివరి అక్షరం దాకా చదివింది. టైము రెండూ యాభై తొమ్మిది అని రాశాడు; అది చూపుడు వేలితో తడిమి చూసుకుని కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

బయటికి వచ్చాం. వాన మొదలైంది. హిల్మార్ మెట్ల మీద ఆగాడు, టోపీ చేతిలో పట్టుకుని.

“రాగ్నా, బస్సు నాలుగున్నరకు. కాఫీ తాగుదామా?”

ఆమె అతన్ని చూసింది.

“నువ్వు సంతకం పెట్టావు. అంతవరకే,” అంది. “పడవ సంగతి పడవదే.”

“వ్యాన్‌లో దింపుతాను, ఎక్కమ్మా,” అన్నాను నేను. “తీర జాబితా వాళ్ళ ఆఫీసు ఇదే వీధిలో ఉంది, కావాలంటే ముందు అక్కడికి...”

విన్నదో లేదో. వానకోటు టోపీ తల మీదకు లాక్కుంది, ఖాళీ అట్ట ఫైలు నా చేతిలో పెట్టింది. ఆర్విడ్ బూట్లతో మెట్లు దిగి, రేవు వైపు వెళ్ళే వీధిలోకి తిరిగి, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.